కంటైనరు చేతికి తాళంచెవి ఎవరు ఇవ్వాలి?

2021 ఏప్రిల్ 1న, పరీక్షలు కోడ్‌లో ఎంత భాగాన్ని తాకాయో కొలిచే కోడ్‌కోవ్ సంస్థకు ఒక ఖాతాదారు నుంచి ఫిర్యాదు వచ్చింది. ఆ సంస్థ అందించే బ్యాష్ అప్‌లోడర్ అనే చిన్న స్క్రిప్టును దించుకుని, దాని హ్యాష్ విలువను (ఫైలుకు వేలిముద్ర లాంటిది) గిట్‌హబ్‌లో ఉన్న విలువతో సరిచూస్తే రెండూ కలవలేదట. తీరా విచారిస్తే, జనవరి 31 నుంచి ఎవరో ఆ స్క్రిప్టును అప్పుడప్పుడూ మారుస్తూ వచ్చారని తేలింది. అందులో కొత్తగా చేరింది ఒక్క వరుస. తాను నడుస్తున్న యంత్రంలోని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ (ప్రోగ్రాంకు బయటి నుంచి అందే సెట్టింగులు) అన్నిటినీ మూటగట్టి బయటి సర్వరుకు చేరవేయడమే దాని పని.

దొంగ లోపలికి ఎలా వచ్చాడో కోడ్‌కోవ్ తానే చెప్పింది. డాకర్ ఇమేజ్ (అప్లికేషన్‌నూ దానికి కావాల్సినవాటినీ కట్టిన మూట, దాన్ని నడిపితే కంటైనర్) తయారుచేసే పద్ధతిలో జరిగిన పొరపాటు వల్ల, స్క్రిప్టును మార్చే అధికారమున్న లాగిన్ వివరాలు ఇమేజ్‌లో నుంచే అతనికి దొరికాయి. ఒకే కథలో రెండు పాఠాలున్నాయి. ఇమేజ్‌లో మిగిలిపోయిన రహస్యం దొంగకు దారి చూపింది. ఖాతాదారులు ఎన్విరాన్‌మెంట్‌లో పెట్టుకున్న రహస్యాలు అతనికి సరుకయ్యాయి. రహస్యాలను భద్రపరిచే వాల్ట్ అనే సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసే హ్యాషికార్ప్ కూడా బాధితుల జాబితాలో ఉంది. తన విడుదలల మీద సంతకం చేసే జీపీజీ కీని అది మార్చుకోవాల్సి వచ్చింది.

ఈ చిక్కు ఎక్కడ మొదలవుతుందో చూద్దాం. ఏ అప్లికేషనూ ఒంటరిగా బతకదు. దాని వెనక డేటాబేస్, కాష్, మెసేజ్ క్యూ, ఈమెయిల్ పంపే సేవ, పేమెంట్ గేట్‌వే వంటివి పనిచేస్తుంటాయి. వాటిలో ప్రతిదీ తలుపు తెరిచే ముందు ఎవరు నువ్వని అడుగుతుంది. కంటైనర్ ఇమేజ్‌ను మాత్రం ఒకసారి తయారుచేసి పదిచోట్ల నడుపుతాం. పరీక్షల్లో నడిచిందీ, అసలు వాడుకలో నడిచేదీ ఒకే ఇమేజ్ కావాలని పట్టుబట్టి మరీ ఈ పద్ధతికి వచ్చాం. ఇమేజ్ అన్ని చోట్లకూ ఒకటే, పాస్‌వర్డు మాత్రం చోటుకొకటి. కాబట్టి అది బయటి నుంచి, నడిచే వేళకు చేతికి అందాలి. ఎవరు అందించాలి, ఎలా అందించాలి, అందించేవారిని ఎంతవరకు నమ్మాలి అన్నదే అసలు విషయం.

ముందు ఇమేజ్ సంగతి. ఇమేజ్‌ను ఎలా తయారుచేయాలో రాసే డాకర్‌ఫైల్‌లో ఇలాంటి మూడు వరుసలు చాలా చోట్ల కనిపిస్తాయి. మొదటి వరుస ప్రైవేటు కీ ఫైలును లోపలికి కాపీ చేస్తుంది. రెండోది ఆ కీతో సంస్థ సొంత లైబ్రరీని దించుకుంటుంది. మూడోది కీని తుడిచేస్తుంది. రాసినవారు తుడిచేశాం కదా అని నిశ్చింతగా ఉంటారు. కానీ ఇమేజ్ అంటే ఒకదానిపై ఒకటి పేర్చిన పొరలు. మూడో వరుస మొదటి పొరను ముట్టుకోదు, పైన ఇంకో పొర వేసి అందులో ‘ఈ ఫైలు లేదు’ అని గుర్తు మాత్రం పెడుతుంది. ఎన్నికల రాతల మీద సున్నం కొట్టిన గోడ ఎలా ఉంటుందో ఇదీ అంతే, గోకితే పాత గుర్తు కనిపిస్తుంది. ఆ ఇమేజ్‌ను టార్ ఫైలుగా భద్రపరిచి పొరలను విడివిడిగా విప్పితే కింది పొరలో కీ చెక్కుచెదరకుండా ఉంటుంది. దీనికి హ్యాకరే కానక్కర్లేదు, ఇమేజ్‌ను దించుకునే అనుమతి, పది నిమిషాల తీరిక ఉంటే చాలు.

బిల్డ్ ఆర్గ్యుమెంటుగా (ఇమేజ్ తయారీకి బయటి నుంచి ఇచ్చే విలువగా) పాస్‌వర్డు పంపినా ఇదే గతి, ఇమేజ్ చరిత్రను చూపే ఆదేశంలో అది బయటపడవచ్చు. ఇమేజ్ తయారీ సమయంలోనే రహస్యం అవసరమైతే, డాకర్‌లో ఇమేజ్‌లు తయారుచేసే బిల్డ్‌కిట్‌లో అందుకు మార్గం ఉంది, డాకర్ 18.09 నుంచి. ఒక్క ఆదేశం నడిచినంతసేపే రహస్యాన్ని తాత్కాలికంగా మౌంట్ చేసి (ఫైలులా తగిలించి), ఏ పొరలోనూ జాడ మిగల్చకుండా తీసేస్తుంది. దీనిమీద ఇంతకంటే చర్చ అక్కర్లేదు. ఇమేజ్‌లో రహస్యం ఉండకూడదు, అంతే.

ఇక ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్. ఈ మధ్య వీటిని తిట్టడం ఒక అలవాటుగా మారింది గానీ, అవి ఎక్కడి నుంచి వచ్చాయో గుర్తుంచుకోవాలి. 2011 ప్రాంతంలో, ఇతరుల అప్లికేషన్లను నడిపిపెట్టే హెరోకూ సంస్థ ఇంజనీర్లు తమ అనుభవాన్ని పన్నెండు సూత్రాలుగా రాశారు. సెట్టింగులను ఎన్విరాన్‌మెంట్‌లో ఉంచమంది మూడో సూత్రం. వెనక ఉండే సేవలను ఎప్పుడైనా తగిలించి ఎప్పుడైనా విప్పగలిగే వనరులుగా చూడమంది నాలుగోది. వాళ్ళు పెట్టిన పరీక్ష నాకు ఇప్పటికీ ఇష్టం: మీ కోడ్ మొత్తాన్ని ఈ క్షణాన లోకానికి విప్పి చూపిస్తే ఒక్క పాస్‌వర్డు కూడా బయటపడకుండా ఉంటుందా? పాస్‌వర్డులను నేరుగా కోడ్‌లోనే రాసుకునే రోజుల్లో అది పెద్ద ముందడుగు.

అయితే ఎన్విరాన్‌మెంట్‌కు పోర్టు నంబరూ ఒకటే, పాస్‌వర్డూ ఒకటే. ఒక ప్రాసెస్ ఇంకో ప్రాసెస్‌ను పుట్టిస్తే మామూలుగా అన్నీ వారసత్వంగా దానికీ సంక్రమిస్తాయి. బొమ్మ సైజు తగ్గించడానికి పిలిచిన చిన్న పనిముట్టుకు డేటాబేస్ పాస్‌వర్డుతో ఏం పని? అయినా దానికీ దక్కుతుంది. ప్రోగ్రాం కూలినప్పుడు కొన్ని సాధనాలు ఎన్విరాన్‌మెంట్ మొత్తాన్ని నివేదికలో చేర్చి పంపుతాయి. డీబగ్ పేజీలు వాటిని తెరమీద పరిచేస్తాయి. డాకర్‌లో కంటైనర్ వివరాలు అడిగే అధికారమున్న ఎవరికైనా అవి కనిపిస్తాయి.

ఇక్కడ నిజాయితీగా ఒక మాట చెప్పాలి. ప్రోగ్రాంలో దూరి తన కోడ్‌ను నడపగలిగిన దొంగ ముందు ఎన్విరాన్‌మెంట్ అయినా ఫైలు అయినా ఒకటే, ప్రోగ్రాం చదవగలిగినదాన్ని అతనూ చదవగలడు. ఫైలు ఆపేది పొరపాటున జరిగే లీకులను. ఈ తేడా చిన్నదేమీ కాదు, నేను చూసిన లీకుల్లో ఎక్కువ భాగం పొరపాటున జరిగినవే.

చాలామంది మరిచిపోయిన ఒక వ్యవస్థను ఇక్కడ తలచుకోవాలి. క్లౌడ్ ఫౌండ్రీలో అప్లికేషన్‌ను డేటాబేస్‌కు ‘బైండ్’ చేస్తే, సర్వీస్ బ్రోకర్ అనే మధ్యవర్తి డేటాబేస్ దగ్గరికి వెళ్ళి ఆ అప్లికేషన్ కోసమే కొత్త యూజర్‌ను పుట్టించగలదు. ఆ వివరాలు వీక్యాప్ సర్వీసెస్ అనే ఒకే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో జేసన్ రూపంలో అప్లికేషన్‌కు చేరతాయి. బంధం తెంచితే ఆ యూజర్‌ను కూడా తొలగించవచ్చు. పాస్‌వర్డు మనిషి కంట పడనక్కర్లేదు. తాళంచెవి తయారీ, అప్పగింత, వెనక్కి తీసుకోవడం మూడూ ఒకే లావాదేవీ. అప్పగించే చోటు ఎన్విరాన్‌మెంటే అయినా, ఆలోచన మాత్రం చాలా ముందున్నది.

తర్వాత లోకమంతా, చాలా యంత్రాల మీద కంటైనర్లను నడిపే కుబెర్నెటీస్ బాట పట్టింది. అందులో సీక్రెట్ అనే వస్తువు ఉంది. అది అందించే పని బాగానే చేస్తుంది, తయారీ మాత్రం మన తలనొప్పే. పేరు చూసి మోసపోయేవారు చాలామంది. సీక్రెట్‌లోని విలువలు కనిపించేది బేస్64 రూపంలో. అది ఎన్‌క్రిప్షన్ కాదు. బైట్లను అక్షరాలుగా మార్చి రాసే పద్ధతి మాత్రమే, తిప్పి చదవడానికి ఏ తాళమూ అక్కర్లేదు. ఆ విలువలు క్లస్టర్ (కలిసి పనిచేసే యంత్రాల గుంపు) సమాచారమంతా ఉండే ఎట్‌సీడీ అనే నిల్వలో చేరతాయి. ప్రత్యేకంగా ఏర్పాటు చేస్తే తప్ప కుబెర్నెటీస్ వాటిని అక్కడ ఎన్‌క్రిప్ట్ చేయదు. ఎట్‌సీడీ బ్యాకప్ ఒకటి చేతికి చిక్కితే రహస్యాలన్నీ చిక్కినట్టే. తాళం వేసితిని, గొళ్ళెం మరిచితిని అన్న సామెతకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. క్లౌడ్ సంస్థలు నడిపే క్లస్టర్లలో పరిస్థితి కొంత మెరుగ్గా ఉండవచ్చు, కానీ మీ క్లస్టర్‌లో ఏముందో మీరే అడిగి తెలుసుకోవాలి.

ఇంకో గొళ్ళెం అనుమతుల్లో ఉంది. సీక్రెట్‌ను చదివే అనుమతి ఇవ్వకపోయినా, ఆ నేమ్‌స్పేస్‌లో (క్లస్టర్‌లో వేరుచేసిన ఒక భాగంలో) పాడ్‌ను, అంటే కంటైనర్లను నడిపే చిన్న యూనిట్‌ను, సృష్టించే అనుమతి ఉంటే చాలు. ఆ సీక్రెట్‌ను మౌంట్ చేసుకునే పాడ్‌ను నడిపి, లోపల నుంచి చదువుకోవచ్చు. జాబితా చూసే అనుమతి మాత్రమే ఇచ్చామనుకుని ఊరుకునేవారూ ఉన్నారు, ఆ జాబితాతో పాటే విలువలన్నీ వస్తాయని వారికి తెలియదు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, ఇక్కడ ఇల్లంటే నేమ్‌స్పేస్ అని గ్రహించి, ఒకరినొకరు నమ్మనక్కర్లేని అప్లికేషన్లను వేర్వేరు నేమ్‌స్పేసుల్లో పెడితే సగం పని తీరుతుంది.

సీక్రెట్‌ను పాడ్‌కు రెండు దారుల్లో అందించవచ్చు: ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌గా, లేదా వాల్యూమ్‌గా మౌంట్ చేసిన ఫైలుగా. ఫైలుగా పెడితే అది డిస్కు మీద కాక మెమరీలో ఉండే ఫైల్ సిస్టంలో ఉంటుంది. సీక్రెట్‌ను మారిస్తే కాసేపట్లో ఫైలులోనూ మారుతుంది, వాల్యూమ్‌లో ఒక భాగాన్నే తగిలించే సబ్‌పాత్ పద్ధతిలో మౌంట్ చేసినప్పుడు తప్ప. ఎన్విరాన్‌మెంట్‌లో పెట్టింది మాత్రం కంటైనర్ మళ్ళీ మొదలయ్యేదాకా పాతదే. ఫైలు పద్ధతి కొత్తదేమీ కాదు. డాకర్ సొంత క్లస్టర్ ఏర్పాటైన డాకర్ స్వార్మ్ కూడా 2017 నుంచి రహస్యాలను రన్ డైరెక్టరీ కింద సీక్రెట్స్ అనే చోట ఫైళ్ళుగానే ఉంచుతోంది. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ అధికారిక ఇమేజ్‌కు పాస్‌వర్డు బదులు, పాస్‌వర్డు ఉన్న ఫైలు దారి చెప్పినా సరిపోతుంది.

ఫైలు సరే, కానీ ఏ ఫైలు పేరు ఎక్కడ? ఒక బృందం యూజర్ అంటుంది, ఇంకోటి యూజర్‌నేమ్ అంటుంది. సర్వీస్ బైండింగ్ స్పెసిఫికేషన్ దీనికి ఒక పద్ధతి కుదిర్చింది. ఒక డైరెక్టరీ కింద ఒక్కో సేవకు ఒక ఉపడైరెక్టరీ ఉంటుంది. అందులో సేవ రకం చెప్పే ఫైలు తప్పనిసరి. హోస్ట్, పోర్టు, యూజర్‌నేమ్, పాస్‌వర్డు పేర్లతో ఒక్కో ఫైలు ఉంటుంది. మూల డైరెక్టరీ ఎక్కడుందో మాత్రమే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ చెబుతుంది. స్ప్రింగ్, క్వార్కస్ అనే జావా లైబ్రరీలు దీన్ని చదివి తమంతట తామే డేటాబేస్‌కు కలుపుకోగలవు. చూడటానికి చప్పగా ఉండే ఏర్పాటే, కానీ రహస్యానికి, దాని చిరునామాకు మధ్య గీత గీసింది.

ఇంతవరకు చెప్పిందంతా అందించడం గురించి. నిజమైన పరీక్ష మార్చేటప్పుడు ఎదురవుతుంది. అది నాకు ఒక రాత్రి నేర్పిన పాఠం.

అప్పట్లో నేను పనిచేస్తున్న చోట పోస్ట్‌గ్రెస్ పాస్‌వర్డు మార్చే పని నా మీద పడింది. వాడుక తక్కువగా ఉంటుందని రాత్రి 11 గంటలకు పెట్టుకున్నాను. డేటాబేస్‌లో మార్చాను, కుబెర్నెటీస్ సీక్రెట్‌లో మార్చాను, పది నిమిషాలు గ్రాఫులు చూశాను. ఒక్క ఎర్రర్ లేదు. ల్యాప్‌టాప్ మూసేశాను. పదకొండున్నర దాటకముందే ఫోను మోగింది.

జరిగింది ఇది. పోస్ట్‌గ్రెస్‌లో పాస్‌వర్డు మార్చినా అప్పటికే తెరిచి ఉన్న కనెక్షన్లు తెగవు. లాగిన్ అయ్యేటప్పుడే అది పాస్‌వర్డు అడుగుతుంది. మా కనెక్షన్ పూల్ (తెరిచిన కనెక్షన్లను ఉంచుకుని మళ్ళీ మళ్ళీ వాడే ఏర్పాటు) ఒక్కో కనెక్షన్‌ను అరగంటకు రిటైర్ చేసి కొత్తది తెరిచేది. పాతవి ఒక్కొక్కటే రిటైర్ అవుతుంటే, కొత్తవి ఎన్విరాన్‌మెంట్‌లో మిగిలిన పాత పాస్‌వర్డుతో వెళ్ళి తలుపు దగ్గర తిట్లు తిని వస్తున్నాయి. నేను గ్రాఫులు చూసిన పది నిమిషాలు పాత కనెక్షన్ల పుణ్యమే.

పాడ్‌లను మళ్ళీ మొదలుపెడితే కొత్త పాస్‌వర్డు అందుతుంది కదా అని మొదలుపెట్టాను. అవీ లాగిన్ కాలేకపోయాయి. తెరమీద రెండు పాస్‌వర్డులనూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం పోల్చాను, తేడా లేదు. అర్ధరాత్రి దాటాక పొడవు లెక్కపెడితే సీక్రెట్‌లో ఒక బైటు ఎక్కువ. పాస్‌వర్డును బేస్64గా మార్చడానికి ఎకో ఆదేశంతో పంపాను, అది చివర కొత్త వరుస గుర్తును తనంతట తానే చేర్చింది. ఆ కనిపించని గుర్తు కూడా పాస్‌వర్డులో భాగమైపోయింది. ఎకోకు హైఫన్ ఎన్ జోడించి ఉంటే నేను ఆ రాత్రి నిద్రపోయేవాణ్ని.

ఆ రాత్రి తర్వాత అర్థమైంది ఏమిటంటే, ఒకే యూజర్‌తో పాస్‌వర్డు మార్చడంలో పాతా కొత్తా కలిసి బతికే వ్యవధి లేదు. అందుకే ఇద్దరు యూజర్ల పద్ధతి. అప్లికేషన్ మొదటి యూజర్‌తో నడుస్తుండగా రెండో యూజర్ పాస్‌వర్డు మారుస్తాం, సీక్రెట్‌లో రెండో యూజర్ వివరాలు పెడతాం, పాడ్‌లన్నీ నెమ్మదిగా అటు మళ్ళుతాయి. మొదటి యూజర్ ఇంకా చెల్లుతూనే ఉంటాడు కాబట్టి తొందరేమీ లేదు. వచ్చేసారి వంతు మారుతుంది. ఇందులో ఒక మెలిక ఉంది. పోస్ట్‌గ్రెస్‌లో టేబుల్‌ను ఎవరు సృష్టిస్తే వారే దానికి యజమాని. మొదటి యూజర్ సృష్టించిన టేబుల్‌ను రెండో యూజర్ మార్చబోతే కుదరదు. కాబట్టి లాగిన్ లేని ఒక ఉమ్మడి రోల్‌ను యజమానిగా పెట్టి, ఇద్దరినీ అందులో సభ్యులను చేసి, టేబుళ్ళు సృష్టించే పని ఆ రోల్ పేరుమీదే జరపాలి. ముందే చేసుకుంటే అరగంట పని. తర్వాత చేస్తే వారం పడుతుంది.

ఇదే ఆలోచనను చివరిదాకా లాగితే హ్యాషికార్ప్ 2015లో విడుదల చేసిన వాల్ట్ దగ్గరికి చేరతాం. అప్లికేషన్ వచ్చి అడిగినప్పుడు వాల్ట్ డేటాబేస్‌లో అప్పటికప్పుడు ఒక యూజర్‌ను పుట్టించి, కౌలుకు ఇచ్చినట్టు గడువుతో ఇస్తుంది. గడువు తీరితే ఆ యూజర్‌ను తీసేస్తుంది. ప్రతి పాడ్‌కూ తన సొంత యూజర్ ఉంటే, లాగ్‌లో ఏ ప్రశ్న ఎవరు వేశారో కూడా తెలుస్తుంది. కౌలు గడువు వాల్ట్‌లో ముందే ఉండే లెక్క ప్రకారం 768 గంటలు, అంటే 32 రోజులు. దాన్ని తగ్గించకుండా వదిలేసేవారు చాలామంది. బాగా తగ్గిస్తే మాత్రం పూల్‌లో కనెక్షన్ ఆయుష్షు కౌలు గడువుకంటే తక్కువ ఉండేలా చూసుకోవాలి, లేకపోతే నా పదకొండున్నర కథ మీకూ పునరావృతం.

సరే, వాల్ట్ అడిగినవారికల్లా ఇవ్వదు కదా. వాల్ట్‌కు చూపించాల్సిన టోకెన్ (అనుమతి చీటీ) అప్లికేషన్‌కు ఎవరిచ్చారు? దాన్ని ఎక్కడ దాచారు? బీరువా తాళంచెవిని ఇంకో బీరువాలో దాచితే దాని తాళంచెవి సంగతేమిటి? ఈ రంగంలో ఇదే అన్నిటికంటే లోతైన ముడి. దాచే చోట్లు ఎన్ని పెంచినా ఇది విడదు. రహస్యం తెలుసా అని అడగడం మానేసి, ఇతనెవరో తెలిసినవారు ఎవరైనా ఉన్నారా అని అడగడంతో విడుతుంది. కొత్త ఊళ్ళో ఇల్లు అద్దెకు కావాలంటే ఆ ఊరివాడొకడు వెంట వచ్చి ‘మావాడే’ అంటాడే, అలా.

కుబెర్నెటీస్‌లో ఆ మాట చెప్పగలిగినవారు ఉన్నారు. పాడ్‌ను మొదలుపెట్టింది ఆ యంత్రంలో ఉండే కుబ్‌లెట్ అనే ప్రోగ్రాం, కాబట్టి ఆ పాడ్ ఏ సర్వీస్ అకౌంటుకు (అప్లికేషన్‌కు ఇచ్చే గుర్తింపుకు) చెందిందో కుబ్‌లెట్‌కు తెలుసు. ఆ సంగతి ధ్రువీకరిస్తూ క్లస్టర్‌కు ముఖద్వారమైన ఏపీఐ సర్వర్ సంతకం చేసిన టోకెన్‌ను తెచ్చి పాడ్‌లో ఫైలుగా పెడుతుంది. ఆ టోకెన్ ఎవరికి చూపడానికో అందులోనే రాసి ఉండేలా చేయవచ్చు, ప్రత్యేకంగా చెప్పకపోతే గడువు ఒక గంట. గడువులో 80 శాతం గడవగానే కుబ్‌లెట్ కొత్తది తెచ్చి పెడుతుంది. అప్లికేషన్ దాన్ని వాల్ట్‌కు చూపిస్తే, వాల్ట్ ఏపీఐ సర్వర్‌ను అడిగి రూఢి చేసుకుంటుంది. ఈ వరుసలో ఎవరూ ఏ పాస్‌వర్డునూ కంఠస్థం చేయలేదు. గతంలో సర్వీస్ అకౌంట్ టోకెన్లు గడువు లేకుండా సీక్రెట్లుగా పడి ఉండేవి, 1.24 వెర్షన్ నుంచి వాటిని తనంతట తాను సృష్టించడం కుబెర్నెటీస్ మానేసింది.

క్లౌడ్‌లో ఇంకో అడుగు ముందుకు వేయవచ్చు. అమెజాన్ క్లౌడ్ సేవ ఏడబ్ల్యూఎస్ 2019లో కుబెర్నెటీస్ సర్వీస్ అకౌంటును తన ఐఏఎం రోల్‌కు (ఏమేం చేయవచ్చో చెప్పే అధికారాల మూటకు) ముడిపెట్టే ఏర్పాటు తెచ్చింది. దానితో ఏడబ్ల్యూఎస్ నడిపే ఆర్‌డీఎస్ డేటాబేస్‌కు పాస్‌వర్డు బదులు 15 నిమిషాలు చెల్లే టోకెన్‌తో లాగిన్ కావచ్చు. అప్పుడు దాచాల్సిన డేటాబేస్ పాస్‌వర్డే ఉండదు.

అలాగని గుర్తింపును నమ్ముకుంటే ప్రమాదం లేదనుకోకూడదు. క్లౌడ్ యంత్రాలు తమ గుర్తింపు వివరాలను 169.254.169.254 అనే చిరునామాలో అడిగి తెచ్చుకుంటాయి. 2019లో బయటపడిన, అమెరికా బ్యాంకు క్యాపిటల్ వన్ చోరీలో, తప్పుగా అమర్చిన ఫైర్‌వాల్‌ను మభ్యపెట్టి ఆ చిరునామాను దానిచేతే అడిగించి, తాత్కాలిక వివరాలు రాబట్టి, 10 కోట్లకు పైగా మంది సమాచారాన్ని ఎత్తుకెళ్ళారు. అక్కడ ఎవరి పాస్‌వర్డూ లీకవలేదు. ఆ యంత్రానికి అవసరానికి మించిన అధికారం ఉంది, ఆ అధికారాన్ని ఎవరు అడిగినా అది ఇచ్చేసింది. అదే ఏడాది నవంబరులో ఏడబ్ల్యూఎస్ ఆ చిరునామాకు రెండో వెర్షన్ తెచ్చింది. ముందు ఒక టోకెన్ తీసుకుంటే గానీ అది జవాబివ్వదు. ఆ టోకెన్ మోసుకొచ్చే ప్యాకెట్టును ఒక్క అంగకు (నెట్‌వర్క్‌లో ఒక్క మజిలీకి) పరిమితం చేస్తే, సొంత నెట్‌వర్క్‌లో ఉండే కంటైనర్లకు అది చేరనే చేరదు. మొదటి వెర్షన్‌ను కట్టేయడం మాత్రం మన చేతిలో పనే.

నలుగురైదుగురు ఉన్న బృందాలు నన్ను వాల్ట్ పెట్టమంటారా అని అడిగితే, వద్దనే ఎక్కువసార్లు చెబుతాను. వాల్ట్‌ను నడపడం ఒక ఉద్యోగం. మామూలు ఏర్పాటులో అది మళ్ళీ మొదలైనప్పుడల్లా తెరవడానికి ఐదు తాళాల్లో మూడు కావాలి, ఆ మూడు పట్టుకున్నవారిలో ఒకరు పెళ్ళికి వెళ్ళి ఉంటారు. ఎట్‌సీడీలో ఎన్‌క్రిప్షన్, నేమ్‌స్పేసుల విభజన, ఫైలుగా అందే సీక్రెట్, ఇద్దరు యూజర్లు, ఇవి ఉన్నాక మిగతాది ఆలోచించవచ్చు. వీలైన చోట క్లౌడ్ గుర్తింపు వాడుకుంటే ఇంకా తేలిక.

మా కథలో చివరికి చేసింది కూడా అంతే. రెండో యూజర్‌ను తెచ్చాం, పాస్‌వర్డును ఫైలులోకి మార్చాం, పూల్ కొత్త కనెక్షన్ తెరిచే ప్రతిసారీ ఆ ఫైలును మళ్ళీ చదివేలా, చివర ఖాళీ గుర్తులుంటే తీసేసేలా పదిహేను వరుసల కోడ్ రాశాం. తర్వాతి మార్పును రాత్రి కాకుండా మధ్యాహ్నం ఒంటిగంటకు, అందరూ భోజనాలకు లేచే వేళ పెట్టుకున్నాను. అరగంట, ఆ పైన ఇంకో అరగంట టిఫిన్ డబ్బా పక్కన పెట్టుకుని గ్రాఫులు చూశాను. లాగ్‌లో యూజర్ పేరు చివర ఒకటి ఉన్నచోట రెండు కనిపించడం మొదలైంది. మా బృందంలో ఎవరూ గమనించలేదు.